డీటైల్ శాండర్‌తో మూలలు, అంచులు: ఎక్కడిదాకా మెషిన్, ఎక్కడినుంచి చెయ్యి

మీ ప్రశ్న చదివాను. పాత ఇంటి నుంచి తెచ్చుకున్న ఆరు పలకల టేకు తలుపు. కొత్త ఇంట్లో దేవుడి గదికి పెట్టాలని పాత పాలిష్ తీయడం మొదలుపెట్టారు. అందుకోసం త్రికోణపు ప్యాడ్ ఉన్న డీటైల్ శాండర్, అంటే గరుకు పేపర్ అంటించి చెక్కని రుద్దే చిన్న మెషిన్ కొన్నారు. వెడల్పు భాగాలు బాగానే వచ్చాయి. పలకల మూలల్లో మాత్రం గుంటలు పడ్డాయి, చుట్టూ ఉన్న బీడింగ్ (సన్నటి అలంకారపు పట్టీ) మీద నల్లమచ్చలు వచ్చాయి, తలుపు అంచులు వాడిన సబ్బుబిళ్లలా గుండ్రంగా అయిపోయాయి. రెండు రోజులకే ప్యాడ్ కొన దగ్గర పేపర్ అంటుకోవడం మానేసింది. "మెషిన్ తేడానా, నా చెయ్యి తేడానా?" అని అడిగారు.

నాకు తప్పు డబ్బా మీద బొమ్మదే అనిపిస్తుంది. ఏ కంపెనీ డబ్బా చూసినా ప్యాడ్ కొనని మూలలోకి దూర్చి, పైనుంచి నొక్కుతున్న చెయ్యి కనిపిస్తుంది. అది చూసి అందరూ అలాగే చేస్తారు. ఇరవై రెండేళ్లుగా ఫర్నిచర్, పాలిష్ పనుల్లో ఉన్నాను. మొదట్లో నేనూ అలాగే చేశాను. ఈ మెషిన్ మూల చివరి రెండు మిల్లీమీటర్లు చెయ్యలేదు. అంతవరకూ తీసుకెళ్తుంది, మిగిలింది చేతిపని. ఈ ఒక్కటి ఒప్పుకుంటే మీ ఇబ్బందుల్లో సగం పోతాయి.

ఎందుకో చెబుతాను. ఈ ప్యాడ్ గుండ్రంగా తిరగదు. మొత్తం ప్యాడ్ ఒకే కట్టుగా చిన్న చిన్న సున్నాలు చుడుతుంది. ఆ సున్నా వెడల్పు మోడల్‌ని బట్టి ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. చాలా మోడళ్లలో నిమిషానికి 10,000కు పైనే చుడుతుంది. ఇప్పుడు కొనని మూలలో ఆనించి పెట్టారనుకోండి. సున్నా చుట్టడానికి చోటు లేదు కాబట్టి అది పక్కనున్న బీడింగ్‌ని సుత్తిలా కొడుతుంది. మీకు కనిపిస్తున్న నల్లమచ్చలు ఆ దెబ్బలూ, ఆ రాపిడికి కమిలిన చెక్కా. ఇక గుంటల సంగతి. మూలలో మెషిన్ ముందుకి పోదు, పక్కకి పోదు, అందుకని ఒకేచోట నిలబడి రుద్దుతుంది. పాలిష్ ఇంకా పోలేదని మనం వెనకభాగం కాస్త ఎత్తి కొన మీద బరువు వేస్తాం. అరచేతి అంత ప్యాడ్ మీద పంచుకోవాల్సిన బరువంతా గోరంత చోట పడుతుంది. గుంట పడక ఏమవుతుంది?

కొందరు శాండర్ కొనకుండా, రకరకాల బ్లేడ్లు, ప్యాడ్లు మార్చి వాడే మల్టీటూల్‌కి త్రికోణపు ప్యాడ్ తగిలించి వాడతారు. చూడటానికి రెండూ ఒకటే, కదలిక మాత్రం వేరు. మల్టీటూల్ ప్యాడ్ మధ్యలో ఉన్న ఇరుసు మీద అటూ ఇటూ ఊగుతుంది, ఊపు మొత్తం మూడు డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మామూలుగా దొరికే 93 మిల్లీమీటర్ల త్రికోణం అయితే మధ్య నుంచి కొనకి దాదాపు 54 మిల్లీమీటర్లు. అంటే ఇరుసు దగ్గర కదలిక లేనట్టే, కొన మాత్రం మూడు మిల్లీమీటర్లకు కాస్త తక్కువగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. కొన చాలా చురుగ్గా తింటుంది, గీతలు కూడా వంపు తిరిగి పడతాయి. రంగు గీకడానికి అది పనికొస్తుంది. పాలిష్ వేసే టేకు మీద చివరి వరసకి నేను దాన్ని ముట్టను.

మీ తలుపు సంగతికి వద్దాం. అసలు మెషిన్ పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి ఉంది, చాలామంది చెయ్యరు. దూదికి స్పిరిట్ తడిపి తలుపు వెనకవైపు ఒక మూల మీద అరనిమిషం ఆనించి ఉంచండి. పాత పాలిష్ మెత్తబడి దూదికి గోధుమరంగు జిగురుగా అంటుకుంటే అది లక్క పాలిష్. అప్పట్లో తలుపులకి ఎక్కువగా అదే వేసేవారు. అదే అయితే మూలల్లో రుద్దే పనే లేదు. స్పిరిట్ పూసి, మెత్తబడ్డాక పాత టూత్‌బ్రష్‌తో తోమి, గుడ్డతో తుడిస్తే బీడింగ్ సందుల్లోంచి కూడా వచ్చేస్తుంది. రెండు మూడు సార్లు చేయాలి. కిటికీలు తెరవండి, దగ్గర్లో దీపం, అగరుబత్తి ఉండకూడదు, ఆ పని జరుగుతున్నంతసేపూ మెషిన్ ప్లగ్ తీసేసి ఉంచండి. మోటారు లోపల నిప్పురవ్వలు పుడతాయి, స్పిరిట్ ఆవిరికి అది చాలు.

స్పిరిట్‌కి కదలకపోతే అది వార్నిష్, మెలమైన్, పీయూ (పాలీయురెథేన్) లాంటిదేదో అయి ఉంటుంది. అప్పుడైనా మూలలో మొదటి పని మెషిన్‌కి ఇవ్వకండి. మందపాటి పాత వార్నిష్ వేడికి మెత్తబడి పేపర్‌ని నిమిషంలో పూడ్చేస్తుంది. పూడిన పేపర్ కొయ్యదు, కాలుస్తుంది. స్క్రేపర్‌తోనో, పదునైన ఉలిని నిలువుగా పట్టుకునో గీకి తీయండి. పాతకాలం వడ్రంగులు పగిలిన గాజు పెంకుతో ఎంత నున్నగా గీకేవారో చూసినవాళ్లకి తెలుసు. గాజు మాత్రం మీకు చెప్పను, చెయ్యి తెగితే నన్ను తిట్టుకుంటారు. చిన్న ఉక్కు స్క్రేపర్ కొనండి, మూల ఆకారానికి తగ్గట్టు దాని కొనని ఆకురాయితో అరగదీసుకోవచ్చు.

ద్వారబంధానికి రంగు వేసి ఉంటే ఇంకో మాట. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాల్లో 90 దాటకూడదన్న నిబంధన 2017 నవంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉందో లేదో కంటికి తెలియదు. కాబట్టి పాత ఇంటి రంగుని పొడిగా మెషిన్‌తో రుద్దకండి. రిమూవర్ పూసి గీకడమో, నీళ్లతో తడిపి వాటర్ పేపర్‌తో చేత్తో రుద్దడమో మంచిది. పిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. టేకు పొడి కూడా తక్కువదేమీ కాదు, కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, ఆయాసం వస్తుంది. గట్టి చెక్కల పొడి క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో ఎప్పటినుంచో ఉంది. ఎన్95 మాస్క్ పెట్టుకోండి. మెడలో తువ్వాలు మూతికి చుట్టుకుంటే సరిపోదు.

ఇప్పుడు మెషిన్.

మన ఇళ్లలో మూల ఊడ్చేది ఒకసారి గమనించండి. చీపురుకట్టని మూలలో కుక్కి అటూ ఇటూ తిప్పరు. కొనలు మూలలో ఆనించి బయటికి లాగుతారు. శాండర్ కూడా అంతే. మూలకి జానెడు దూరంలో ఖాళీ చోట మెషిన్ ఆన్ చేసి, ప్యాడ్ మొత్తం పలక మీద పరుచుకున్నాక మూల వైపు జరపండి. గోడకి, అంటే మూల పక్కనున్న బీడింగ్‌కి, రెండు మిల్లీమీటర్ల దూరంలో ఆగి, ఆగీ ఆగకముందే వెనక్కి లాగేయండి. ఒకసారి ఒక గోడ వెంట, ఇంకోసారి రెండో గోడ వెంట. సెకనుకి రెండు మూడు సెంటీమీటర్ల కన్నా వేగంగా లాగితే వంకీల గీతలు మిగులుతాయి, అంతకన్నా నెమ్మదిస్తే గుంట. మూలలో మెషిన్ నిలబడ్డ చప్పుడు మీ చెవికే తెలుస్తుంది, మోటారు గొంతు బొంగురుపోతుంది. ఆ చప్పుడు వచ్చిందంటే అప్పటికే ఎక్కువసేపు ఉన్నట్టు. స్పీడ్ తగ్గించే చక్రం ఉంటే మూలల్లో సగానికి దించండి.

చేతి బరువు వేయొద్దు. మెషిన్ బరువు చాలు. ఈ మాట అందరూ చెబుతారు, ఎందుకో ఎవరూ చెప్పరు. మీ ప్యాడ్ కొన దగ్గర పేపర్ అంటుకోకపోవడానికి కారణం ఇదే. ప్యాడ్ మీద వెల్‌క్రో కొక్కేలు ప్లాస్టిక్‌వి. కొన మీద నొక్కితే రాపిడి వేడికి అవి కరిగి చదునైపోతాయి, ఇక పేపర్‌ని పట్టుకోలేవు. కొత్త పేపర్ కొన్నా లాభం లేదు, ప్యాడ్ మార్చాల్సిందే. మార్చుకునే వీలున్న మోడల్ అయితే ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోండి. పేపర్ విషయంలో పొదుపు మార్గం ఉంది. త్రికోణానికి మూడు కొనలు. ముందుది అరిగితే తీసి తిప్పి అంటించండి, రంధ్రాలు కలిసేలా. మూడూ అయ్యాకే పారేయాలి. మన ఊళ్లలో త్రికోణం పేపర్లు అన్ని షాపుల్లో దొరకవు. 125 మిల్లీమీటర్ల గుండ్రటి వెల్‌క్రో పేపర్ ఎక్కడైనా ఉంటుంది, దాంట్లోంచి 93 మిల్లీమీటర్ల త్రికోణం ఒకటి వస్తుంది. అట్టముక్క మీద మూస గీసుకుని వెనకవైపు నుంచి కత్తితో కోయండి. ముందువైపు కోస్తే కత్తి మొద్దుబారుతుంది.

ఇంకో చిట్కా. చివరి వరసలో పేపర్‌ని ప్యాడ్ కొనకన్నా ఒక మిల్లీమీటర్ ముందుకి జరిపి అంటిస్తాను. అప్పుడు గోడకి తగిలేది గట్టి ప్యాడ్ కాదు, మెత్తటి పేపర్ అంచు. త్వరగా చిరుగుతుంది, అయినా బీడింగ్ మీద దెబ్బ పడదు. అంతకన్నా భద్రం కావాలంటే బీడింగ్‌కి ఆనించి పలుచటి స్టీలు స్కేలో, సన్‌మైకా ముక్కో అడ్డం పెట్టి ఎడమచేత్తో పట్టుకోండి. కొట్టుకుంటే దాన్నే కొట్టుకుంటుంది. మాస్కింగ్ టేప్ ఒక పొర వేసి సరిపోయిందనుకోకండి, అది పది సెకన్లలో చిరుగుతుంది. రెండు మూడు పొరలు వేయాలి.

పేపర్ నంబర్ల గురించి ఎక్కువ చెప్పను, నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. టేకుకి 80తో పాత పొర పోగొట్టి, 120, 180తో ఆపేయొచ్చు. పాలిష్ రకాన్ని బట్టి 220. మధ్యలో నంబరు ఎగ్గొట్టకండి. 80 గీతలు 180తో పోవు, మెరుగు పట్టాక బయటపడతాయి. ఒక నంబరు అయిందని ఎలా తెలుస్తుంది? పలక మీద పెన్సిల్‌తో లేతగా పిచ్చిగీతలు గీయండి, మూలల్లో కూడా. గీతలు పోయేదాకా రుద్ది ఆపండి. మూలలో గీత మిగిలితే దాన్ని మెషిన్‌తో తరమకండి, అది చేతికి వదిలేయండి. తర్వాత గది చీకటి చేసి సెల్‌ఫోన్ టార్చ్‌ని చెక్కకి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టు పట్టండి. పైనుంచి లైటు వేస్తే కనిపించని వంకీలన్నీ నీడలు పడి కనిపిస్తాయి.

నిలువు పట్టీ, అడ్డ పట్టీ కలిసే అతుకు దగ్గర చాలామంది తడబడతారు. అక్కడ ఒక చెక్క నార నిలువుగా, రెండోదాని నార అడ్డంగా ఉంటుంది. ఏ వైపు రుద్దినా ఒకదానికి అడ్డగీత పడుతుంది. పద్ధతి ఏమిటంటే, ముందు అడ్డ పట్టీ పూర్తిచేయండి, గీతలు నిలువు పట్టీ మీదికి కాస్త పోయినా పట్టించుకోకండి. తర్వాత అతుకు గీత వెంట టేప్ వేసి నిలువు పట్టీని దాని నార వెంట రుద్దండి, అడ్డగీతలు పోతాయి. చివరి నాలుగు రుద్దులు రెండింటికీ చేత్తోనే, నార వెంట.

ఇక మూల చివరి రెండు మిల్లీమీటర్లు. పేపర్‌ని మూడు మడతలు పెట్టండి, రెండు కాదు. రెండు మడతలైతే చేతిలో జారిపోతూ ఉంటుంది. మూడు మడతల్లో గరుకు వీపుకి ఆని పట్టు వస్తుంది. ఆ మడత అంచుని లప్పం రేకుకి చుట్టి మూలలోంచి బయటికి లాగండి. ఐస్‌క్రీం పుల్లకి పేపర్ అంటించినా బాగా పనిచేస్తుంది, పుల్ల కొనని ఉలిలా చెక్కుకుంటే మూల లోపలిదాకా పోతుంది. బీడింగ్ వంపులకి ప్యాడ్ అసలు పెట్టకండి, వంపు మీద చదును మరకలు పడతాయి. పాత హవాయి చెప్పు ముక్కని వంపు ఆకారానికి కోసి దానికి పేపర్ చుట్టి రుద్దండి. పాలిష్ మేస్త్రీల సంచిలో ఈ చెప్పుముక్క ఎందుకుంటుందా అని మొదట్లో నవ్వుకునేవాణ్ని.

అంచుల దగ్గర జరిగేది వేరు. ప్యాడ్ కింద పలుచటి స్పాంజి పొర ఉంటుంది. ప్యాడ్‌లో మూడోవంతు కన్నా ఎక్కువ అంచు బయటికి పోయిందంటే మెషిన్ అటు వాలుతుంది, స్పాంజి అంచు మీద ముడుచుకుని దాన్ని గుండ్రం చేసేస్తుంది. కంటికి తెలియకముందే అరమిల్లీమీటర్ పోతుంది. మందు తేలిక. అంచుకి సమానమైన ఎత్తులో ఒక చెక్కపట్టీ పక్కన క్లాంపులతో బిగించండి. ప్యాడ్ దానిమీదికి పోతుంది, అరిగేది ఆ పట్టీ. తలుపు మందం వైపు, అంటే సన్నటి అంచు మీద నేను ఈ మెషిన్ వాడను. మందపాటి చదరపు చెక్కముక్కకి పేపర్ చుట్టి నిలువునా లాగితే అది సూటిగా ఉంటుంది.

అయితే అంచుని కత్తిలా పదునుగానూ వదలొద్దు. పదునైన కోణం మీద పాలిష్ పొర నిలవదు, తడిగా ఉన్నప్పుడే రెండు పక్కలకీ జరిగిపోయి అక్కడ పలుచబడుతుంది. ఆర్నెల్లకి ముందు తెల్లబడేది ఆ అంచులే. అన్నీ అయ్యాక 220 పేపర్‌తో చేత్తో రెండు మూడు సార్లు నిమిరినట్టు లాగండి. వేలికి గుచ్చుకోకుండా ఉంటే చాలు.

మీ ప్రశ్న చివర్లో, ఇదయ్యాక బెడ్‌రూం వార్డ్‌రోబ్ కూడా చేస్తానని రాశారు. అది వెనీర్ (ప్లైవుడ్ మీద అంటించిన పలుచటి చెక్క పొర) అయితే ఆగండి. మన మార్కెట్లో వెనీర్ షీటు నాలుగు మిల్లీమీటర్లు ఉన్నా, పైన అసలు టేకు పొర అరమిల్లీమీటర్ అటూ ఇటూ. ఒకసారి ఒక ఇంట్లో ఎనిమిది తలుపుల వార్డ్‌రోబ్ పని ఒప్పుకున్నాను. చివరి తలుపు చేస్తుండగా అంచు దగ్గర బొటనవేలంత తెల్లటి మచ్చ తేలింది. టేకు పోయి కింద పొర బయటపడింది. ఇంటావిడ కాఫీ పట్టుకుని వచ్చి నిలబడ్డారు. నాకు ఆ కాఫీ దిగలేదు. రంగు కలిపి దిద్దాను, ఎదురుగా నిలబడితే కనిపించదు, పక్కనుంచి వెలుతురు పడితే కనిపిస్తుంది. ఆ తలుపు డబ్బు తీసుకోలేదు. అప్పటినుంచి వెనీర్ అంచుకి రెండంగుళాల లోపల మెషిన్ ఆపేస్తాను, అక్కడినుంచి 220తో చేత్తోనే, పాత పొర మీద మెరుపు పోయేంతవరకే.

ఇప్పటికే పడ్డ దెబ్బల సంగతి. బీడింగ్ మీద నొక్కుకుపోయిన గుంటలైతే తడిగుడ్డ ముక్క వేసి ఇస్త్రీపెట్టె కొన పది సెకన్లు ఆనించండి. ఆవిరికి నొక్కుకుపోయిన నార ఉబ్బి పైకి లేస్తుంది. రెండు మూడు సార్లు పట్టొచ్చు. బాగా ఆరాక రుద్దాలి. కమిలిన నలుపు అయితే స్క్రేపర్‌తో గీకండి. పలక మూలల్లో అరిగిపోయిన గుంటలకి ఆవిరి పనిచేయదు, అక్కడ చెక్కే లేదు. లప్పం పెట్టకండి, టేకు మీద పాలిష్ కింద లప్పం మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గుంట చుట్టూ నాలుగంగుళాల మేర స్క్రేపర్‌తో నెమ్మదిగా వాలు కలపండి. లోతు పోదు, కానీ వెలుతురు విరగడం ఆగుతుంది, కన్ను పట్టుకోదు.

గడప కూడా అదే పాత ఇంటిదైతే, ఏళ్ల తరబడి పట్టించిన పసుపు, నూనె చెక్కలోకి దిగి ఉంటాయి. రుద్దితే పేపర్ పూడుతుంది, పసుపు మరింత లోపలికి రుద్దుకుపోతుంది. ముందు స్పిరిట్ గుడ్డతో తుడవండి, పసుపు రంగు స్పిరిట్‌లో కరుగుతుంది. మిగిలిన చాయ నాలుగు రోజులు ఎండలో పెడితే వెలుస్తుంది. ఎండ మరీ తీవ్రంగా ఉంటే చెక్క బీటలిస్తుంది, పొద్దుటి ఎండ చాలు.

మీ తలుపుకి నేనైతే ఈ వరసలో చేస్తాను: స్పిరిట్ పరీక్ష, మూలలు, బీడింగ్ స్పిరిట్‌తోనో స్క్రేపర్‌తోనో, దెబ్బలకి ఆవిరి, ఒక రాత్రి ఆరబెట్టడం, పలకలు మెషిన్‌తో, అడ్డ పట్టీలు, నిలువు పట్టీలు, మూలలు చేత్తో, చివరగా అంచులు. పాలిష్‌కి ముందు థిన్నర్ గుడ్డతో ఒకసారి తుడవండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది, తాజాగా తుడవకపోతే పొర సరిగా పట్టదు. దేవుడి గది తలుపు అంటున్నారు కాబట్టి పలకల్లో గంటలకి రంధ్రాలు పెట్టించాలనుకుంటే అవి మెషిన్ పనికి ముందే వేయించండి. రంధ్రం అంచున లేచే చీలికలు ఆ వరసలోనే పోతాయి. ఇప్పటికే రంధ్రాలుంటే ప్యాడ్ కొనని వాటి మీదుగా పోనివ్వకండి, పేపర్ అక్కడే తగులుకుని చిరుగుతుంది. రంధ్రం లోపలికి పెన్సిల్‌కి చుట్టిన పేపర్ చాలు.